బొహ్దానా గారి క్యాలెండర్‌లో నా పేరు

పోయిన నెలలో ఒక శనివారం పొద్దున కెనడాలోని మా ఓక్‌విల్ ఇంటి గుమ్మం ముందు ఒక అట్టపెట్టె కనబడింది. మంచు తడికి అడుగు మెత్తబడింది. పైన 'కిరణ్ కుమార్' అని నా పేరు ముసలి చేతిరాతలో ఉంది. సార్నియా నుంచి పంపినవాడు గ్లెన్. నేను చదువుకునే రోజుల్లో అద్దెకున్న ఇంటికి పక్కింటాయన. లోపల చిన్న చీటీ పెట్టాడు. "బొహ్దానా అక్టోబర్‌లో పోయింది, నిద్రలోనే. ఇల్లు ఖాళీ చేస్తుంటే ఇవి దొరికాయి. బేస్‌మెంట్ కుర్రాడికి పంపమని ఎప్పుడో చెప్పి పెట్టింది. నీ అడ్రస్ పట్టుకునేసరికి ఇంత ఆలస్యమైంది." చీటీ కింద తొమ్మిది గోడ క్యాలెండర్లు, ఏడాది వరసలో పేర్చి, పురికొసతో కట్టి ఉన్నాయి. ముడి విప్పగానే గసగసాలూ కాఫీ పొడీ కలిసిన వాసన మా వంటింట్లోకి వచ్చింది. ఆవిడ పోయి ఇన్నాళ్లయినా నాకు తెలియలేదు. తెలుసుకునే ప్రయత్నమూ నేను చెయ్యలేదు.

మా అమ్మాయి హానా కిండర్‌గార్టెన్‌కి వెళ్తోంది. కనబడ్డ అక్షరాన్నల్లా చదవాలనే వయసు. క్యాలెండర్లు నేల మీద పరుచుకుని కూర్చుంది. ఆ క్యాలెండర్లలో ప్రతి తారీఖు కిందా చిన్న అక్షరాల్లో ఎవరిదో ఒక పేరు అచ్చయి ఉంటుంది. హానా వాటి జోలికి పోలేదు. సెప్టెంబర్ పేజీలో, ఒకే ఒక్క గడిలో, నీలం సిరాతో చేత్తో రాసిన పేరు దాని కంటబడింది. ఒక క్యాలెండర్ తర్వాత ఒకటి తిప్పి చూసింది. అన్నింట్లోనూ అదే గడి, అదే పేరు. కూడబలుక్కుని, "డే... వా... డా... నమ్" అని చదివి, "డాడీ, హూ ఈజ్ దట్?" అంది. "తర్వాత చెప్తాలే నాన్నా" అన్నాను. తర్వాత అనడం నాకు బాగా అలవాటు. బతుకులో చెప్పాల్సిన మాటలన్నీ అలా తర్వాతకి నెట్టుకుంటూ వచ్చిన మనిషిని. ఆ తర్వాతలో కొంత ఇక్కడ రాస్తున్నాను.

నేను చదువుకి వచ్చిన ఆ రెండు మూడేళ్లలో సార్నియాకి మనవాళ్లు ఎంతమంది వచ్చి పడ్డారో చెప్పలేను. ఊరు చూస్తే చిన్నది. ఒక పక్క సరస్సు, ఒక పక్క నది, నది వెంట పెట్రోకెమికల్ ప్లాంట్లు. కాలేజీలో ఏ క్లాసులోకి వెళ్లినా సగం మంది మనవాళ్లే. అద్దె ఇళ్లు దొరికేవి కావు. బస్సు ఒకటి తప్పితే రెండోదాని కోసం మంచులో నిలబడి కాళ్లు తిమ్మిరెక్కాల్సిందే. గాలి ఇటు తిరిగితే ప్లాంట్ల వాసన ఇంట్లోకి వచ్చేది. కారు లేనివాడు ఆ ఊళ్లో మనిషి కింద లెక్క కాదు. మేం ముగ్గురం కలిసి ఒక ముసలి కారు సంపాదించాం. నేను, వరంగల్ శ్రీకాంత్, విజయవాడ వంశీ. ముగ్గురం ఎయిర్‌పోర్ట్‌లో కలిశాం, వాట్సాప్ గ్రూప్ పుణ్యమా అని ఒకే ఇంటి బేస్‌మెంట్‌లో తేలాం. సెప్టెంబర్‌లో ఒక మధ్యాహ్నం సూట్‌కేసులు ఈడ్చుకుంటూ ఆ ఇంటి ముందుకు వెళ్తే, తలుపు తీసిన ముసలావిడ మా మొహాల వంకా మా సామాన్ల వంకా చూసి, "ముందు సూప్ తాగండి. తర్వాత గది చూద్దురు" అంది. ఆవిడే బొహ్దానా గారు.

ఆవిడ చెక్ మనిషి. భర్త యాన్ స్లొవాక్. వాళ్ల దేశంలోకి పరాయి సైన్యం దిగిన ఏడాది ఇద్దరూ రెండు సంచులతో బయటపడ్డారట. ఆయన ప్లాంట్‌లో పైపులు అతికేవాడు, ఈవిడ ఆ ప్లాంట్ కాంటీన్‌లోనే వండిపెట్టేది. పిల్లలు కలగలేదు. మేం వచ్చేసరికి ఆయన పోయి నాలుగేళ్లు. ఆయన టోపీ తలుపు వెనక కొక్కేనికే ఉండేది, ప్రతి శనివారం దాన్ని దులిపి మళ్లీ అక్కడే తగిలించేది. పొద్దున్నే ఆవిడ కాఫీ కాచే పద్ధతి చూస్తే మనవాళ్లకి నవ్వొస్తుంది. గ్లాసులో పొడి వేసి, మరిగే నీళ్లు పోసి, మడ్డి అడుక్కి దిగేదాకా చేతులు కట్టుకుని కూర్చునేది. తొందర అనేది ఆవిడకి తెలియదు. బల్ల అంచుకి బిగించే చిన్న ఇనప మర ఒకటి ఉండేది, గసగసాలు విసురుకోడానికి. మొదటిసారి ఆ మర తిప్పగా వచ్చిన వాసనకి నేను మెట్లెక్కి వంటింట్లోకి వచ్చేశాను. ఆదివారం గుడి నుంచి వచ్చాక మా అమ్మ కోడికూరలోకి గసగసాలు నూరే వాసన అది. మేం వీటితో కూర చేసుకుంటామంటే ఆవిడ నమ్మలేదు. వాళ్లు వీటితో తీపి చేసుకుంటారంటే నేను నమ్మలేదు. ఆ రోజు నుంచి వంటింట్లో మర తిప్పే పని నాది.

క్యాలెండర్ ఆ వంటింట్లోనే, ఫ్రిజ్ పక్కన ఉండేది. ప్రతి ఏడూ క్రిస్‌మస్‌కి ఆవిడ చెల్లెలి కూతురు ఊరి నుంచి పంపేది. వాళ్ల ఆచారంలో ఏడాదిలో ప్రతి రోజూ ఒక పేరుది. ఆ రోజు ఆ పేరున్న వాళ్లందరికీ పండగే. యాన్ బతికున్న రోజుల్లో దాని మీద కూడా మొగుడూ పెళ్లాలకి గొడవేనట. చెక్ క్యాలెండర్‌లో ఒక రోజు ఉన్న పేరు స్లొవాక్ క్యాలెండర్‌లో ఇంకో రోజు ఉంటుంది. "రెండు క్యాలెండర్లూ గోడకి తగిలించేవాళ్లం, ఏదీ వదులుకునేవాళ్లం కాదు, ఏడాది పొడుగునా ఎవరిదో ఒకరిది పండగే" అని చెప్పి నవ్వేది. ఆయన పోయాక ఒక్కటే మిగిలింది.

మొదటి జనవరిలో ఒక మధ్యాహ్నం మమ్మల్ని ముగ్గుర్నీ పైకి పిలిచింది. బల్ల మీద ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ పరిచి, గసగసాల ముద్ద పెట్టి చుట్టిన పొడుగాటి రొట్టె పెట్టింది. ఆవిడ ముత్యాల దండ వేసుకోవడం అదే మొదటిసారి చూశాం. ఆ రోజు క్యాలెండర్ గడిలో బొహ్దానా అని ఉంది. "ఇవాళ నా పేరు రోజు. పుట్టినరోజుకి మనం పిలిస్తే వస్తారు. పేరు రోజుకి పిలవరు. నీ పేరు తెలిసిన ప్రతివాడూ క్యాలెండర్ చూసుకుని తనే వస్తాడు. మా ఊళ్లో ఈ రోజు మా అమ్మ పొద్దుటి నుంచి పొయ్యి ఆర్పేది కాదు. ఇక్కడ నా పేరు తెలిసినవాడు ఒక్కడుండేవాడు, పోయాడు" అంది. వంశీ మొహమాటం తీసేయడానికని, "మీ పేరుకి మీనింగ్ ఏంటి ఆంటీ?" అన్నాడు.

ఆవిడకి ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. రొట్టె కొయ్యడం ఆపి కత్తి పక్కన పెట్టింది. "బొహ్ అంటే దేవుడు. డాన్ అంటే ఇచ్చినది. దేవుడిచ్చింది. మగపిల్లాడైతే బొహ్దాన్, ఆడపిల్లయితే బొహ్దానా. చాలా పాత పేరు. గ్రీకు వాళ్ల థియొడోరాని మా పెద్దలు మా మాటలో అలా పిలుచుకున్నారని మా ఊరి ఫాదర్ చెప్పేవాడు. మా అమ్మకి నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. మూడోదాన్ని నిలిచాను. అందుకని ఈ పేరు పెట్టారు. ఈ దేశం వచ్చాక కాంటీన్‌లో మొదటి రోజే సూపర్‌వైజర్ ఈ పేరు పలకడం తన వల్ల కాదని డోనా అని రాసేశాడు. ముప్పై ఏళ్లు డోనానే. పలికితే యాన్ పలకాలి, లేకపోతే లేదు." అని మా ముగ్గురినీ చూసి, "మీరు ఇవాళ ఒక్కసారి నన్ను నా పేరు పెట్టి పిలవండి. ఒక్కసారి చాలు" అంది. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. డెబ్భై దాటిన మనిషిని పేరు పెట్టి ఎలా పిలుస్తాం? శ్రీకాంత్ ముందుగా, "హ్యాపీ నేమ్ డే, ఆంటీ" అన్నాడు. మేం కూడా అదే అన్నాం. ఆవిడ నవ్వింది. "సరే, ఆంటీ" అని కత్తి తీసుకుంది. కిందికి వచ్చాక నేను ఆ మాట ఎత్తితే, "ఏమైతది భాయ్, పేరు పెట్టి పిలుస్తే మంచిగుంటదా? మనం ఇజ్జత్ ఇచ్చినం" అన్నాడు శ్రీకాంత్. వాడి మాటలో తప్పు లేదు. మర్యాద పేరుతో మనం ఎదుటివాళ్లకి ఏం ఎగ్గొడతామో అప్పుడు మాకు తెలియదు.

నేను ఆ బల్ల దగ్గర ఆవిడ పేరు పలకకపోవడానికి మర్యాద ఒక్కటే కారణం కాదు. ఆవిడ చెప్పిన అర్థం నాకు ముందే తెలుసు. ఎందుకంటే అది నా పేరు. నా అసలు పేరు దేవదానం. మా బాపట్ల వైపు మాలాంటి ఇళ్లల్లో చర్చిలో పెట్టే గుడి పేరు ఒకటి, సర్టిఫికెట్ పేరు ఒకటి ఉండటం కొత్త సంగతి కాదు. బడిలో గుడి పేరు రాయిస్తే రేపు కులం సర్టిఫికెట్ ఇచ్చే చోట చిక్కులొస్తాయని నాన్న నన్ను చేర్చేటప్పుడు కిరణ్ కుమార్ అని రాయించాడు. ఇంట్లో, గుళ్లో, పేటలో నేను దేవదానాన్నే. అది మా తాత పేరు. ఆయనకి ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన్ని ఊరి ఆసాములు పుల్లిగాడు అని పిలిచేవారు. అది పేరని కూడా అనుకోలేదు ఎవరూ. పద్దెనిమిదో ఏట బాప్తిస్మం పొందినరోజు పాస్టరుగారు తడితలమీద చెయ్యి పెట్టి దేవదానం అన్నారట. ఆ పేరు రాయడం కోసమే తాత అక్షరాలు నేర్చుకున్నాడు. పెద్దయ్యాక గుళ్లో బైబిలు చదివేవాడు. ఏ కాగితమిచ్చినా వేలిముద్ర వెయ్యనని మొండికేసి, నాలుగక్షరాలూ విడివిడిగా, చివర సున్నాతో సహా, తాపీగా రాసేవాడు. నేను పుట్టినప్పుడు ఆ పేరు నాకిచ్చి, "ఇది నేను సంపాదించిన ఆస్తిరా" అన్నాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆ ఆస్తిని నేను ఎక్కడ దాచడం మొదలుపెట్టానో కూడా గుర్తుంది. ఇంజనీరింగ్ మొదటి ఏడాది అమ్మ హాస్టల్‌కి క్యారేజీతో వచ్చి గేటు దగ్గర నిలబడి, "ఒరే దేవదానం!" అని కేకేసింది. మేడ మీద నుంచి అందరూ చూశారు. మర్నాడు మెస్‌లో నేను కూర్చునే బల్ల దగ్గర నేనొక్కడినే మిగిలాను. రోజూ నా పక్కన తినే ముగ్గురూ రెండు బల్లల అవతల కూర్చున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది, తిరిగి అనేవాణ్ని. ఆ తర్వాత అమ్మని హాస్టల్‌కి రావద్దన్నాను. కెనడా ఫారమ్‌లో ఇంకేదైనా పేరు వాడారా అనే గడి వచ్చినప్పుడు విజయవాడ కన్సల్టెన్సీ కుర్రాడు, "సింపుల్‌గా నో కొట్టేద్దాం సార్, లేనిపోని తలనొప్పి" అన్నాడు. నేను తల ఊపాను. అలా మా తాత పేరు సముద్రం దాటకుండానే ఆగిపోయింది. బేస్‌మెంట్‌లో మొదటి వారమే వంశీ అన్నం కలుపుతూ, "బాపట్ల సైడంటే మీరేంటి బ్రో?" అన్నాడు. ఆ ప్రశ్న మనవాళ్లకి మంచినీళ్లు అడిగినంత తేలిక. "మామూలేలే" అని ప్లేటు కడుక్కోవడానికి లేచాను.

వాళ్లు చెడ్డవాళ్లని చెప్పడం నా ఉద్దేశం కాదు. నాకు జ్వరమొస్తే శ్రీకాంత్ మూడు రోజులు చారన్నం పెట్టాడు. వంశీ నా షిఫ్ట్ తను చేసి వచ్చాడు. ఆ మంచితనమే నన్ను ఇంకా భయపెట్టింది. మళ్లీ ఎక్కడ బల్ల ఖాళీ అవుతుందోనని. అందుకే ఆ జనవరి మధ్యాహ్నం బొహ్దానా గారు నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు, నీ పేరుకి అర్థమేంటి?" అంటే, గొంతు దాకా వచ్చినదాన్ని మింగేసి, "కిరణ్. వెలుతురు రేఖ" అన్నాను. ఆవిడ క్యాలెండర్ పేజీలన్నీ తిప్పి చూసింది. ఆ పేరు ఎక్కడా లేదు. "లేకపోతే నేనిస్తాను రోజు. నువ్వు ఈ ఇంటికి వచ్చిన రోజు నీది" అని సెప్టెంబర్ తీసి, ఆ గడిలో నీలం సిరాతో కిరణ్ అని రాసింది. ఇద్దరం ఒకే పేరున్నవాళ్లం ఒకే బల్ల దగ్గర కూర్చున్నామని ఆవిడకి తెలియదు. నాకు తెలుసు.

బేస్‌మెంట్‌లో ఫోన్ సిగ్నల్ సరిగా ఉండేది కాదు. అందుకని పొద్దున్నే కాలేజీకి వెళ్లే ముందు నేను వంటింట్లో నిలబడి అమ్మతో మాట్లాడేవాణ్ని. మిగతా ఇద్దరూ అప్పుడు నిద్రలో ఉండేవాళ్లు. మా ఊళ్లో అప్పుడు సాయంత్రం, అమ్మ పొయ్యి ముందు కూర్చునే వేళ. స్పీకర్‌లో పెట్టి గసగసాల మర తిప్పుతుంటే, అమ్మ ఎప్పుడూ ఒకేలా మొదలుపెట్టేది. "ఏరా దేవదానం, తిన్నావంట్రా? చలికి టోపీ ఎట్టుకుంటన్నావా?" బొహ్దానా గారు కాఫీ మడ్డి దిగేదాకా అదంతా వింటూ కూర్చునేది. భాష రాకపోయినా అమ్మ గొంతు ఆవిడకి ఇష్టం. ఒకరోజు ఫోన్ పెట్టాక, "మీ అమ్మ రోజూ ముందుగా ఒక మాట అంటుంది. డే-వా-దా-నమ్. ఏంటది?" అంది. మెట్ల కింద తలుపు తెరిచి ఉంది. ఎవరో లేచిన అలికిడి. "మా భాషలో కొడుకు అని" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. ఆవిడ ఆ మాటని పెదాల మీద రెండు మూడుసార్లు మెల్లగా పలికి చూసుకుంది. సరిగ్గా పలికింది. నా పాస్‌పోర్ట్‌లో పేరు కూడా ఆవిడ అంత చక్కగా పలకలేదు.

రెండో రోజు పొద్దున నేను వంటింట్లోకి రాగానే, "దేవదానం, గుడ్ మార్నింగ్" అంది. మొహం నిండా సిగ్గు, సంతోషం. నిజం చెప్పొద్దూ, నాకు దిద్దాలనిపించలేదు. ఈ దేశంలో నన్ను నా పేరు పెట్టి ఎదురుగా పిలిచిన మొదటి మనిషి ఆవిడ. అప్పటి నుంచి మేమిద్దరమే ఉన్నప్పుడు అలానే పిలిచేది. దేవదానం, ఉప్పు అందుకో. దేవదానం, మెట్ల మీద మంచు గట్టిపడింది, జాగ్రత్త. ఆ పిలుపు వినడానికని నేను పావుగంట ముందు లేచేవాణ్ని. ఆవిడ కొడుకుని పిలుస్తోంది, నేను నా పేరుకి పలుకుతున్నాను. ఇద్దరికీ చెరో సుఖం దొరికింది. అలా ఒక వేసవి, ఒక ఆకురాలే కాలం గడిచిపోయాయి.

మళ్లీ శీతాకాలంలో ఒక శనివారం మధ్యాహ్నం మేం ముగ్గురం కింద అన్నం తింటున్నాం. పై నుంచి ఆవిడ, "దేవదానం! పార్సిల్ వచ్చింది, పైకి రా!" అని కేకేసింది. వంశీ ముద్ద ఆపి, "ఎవర్రా దేవదానం?" అన్నాడు. శ్రీకాంత్ నవ్వాడు. "మనోళ్ల పేరు లెక్కనే ఉన్నది కదా భాయ్?" నా చెవుల్లో హాస్టల్ గేటు మోగింది. "ఎవరో పాత టెనెంట్ అనుకుంటా. పాపం ఆవిడకి వయసైపోయింది, మతిమరుపు" అన్నాను. ఒక్క నోటితో రెండు పాపాలు చేశాను, నా పేరు కాదన్నాను, మతి చక్కగా ఉన్న మనిషికి మతి లేదన్నాను. వాళ్లు ఆ మాట అక్కడితో మర్చిపోయారు. తర్వాత ఎన్నో నెలలకి గానీ ఇంకో సంగతి నాకు తట్టలేదు. ఆ రోజు అది నేనే అని చెప్పినా వాళ్లు అన్నం తింటూనే ఉండేవారేమో. నేను వాళ్లకి ఆ అవకాశమే ఇవ్వలేదు.

చదువయ్యాక ఉద్యోగం దొరికి, ఇక్కడే స్థిరపడ్డానికి పీఆర్‌కి అప్లై చేసే రోజులొచ్చాయి. ఫైల్‌లో పెట్టడానికి ఫలానావాడు మా ఇంట్లో ఉన్నాడని ఒక ఉత్తరం రాసిమ్మని బొహ్దానా గారిని అడిగాను. ఆవిడ దాన్ని పెళ్లి శుభలేఖంత శ్రద్ధగా రాసింది. కళ్లద్దాలు తుడుచుకుని, మంచి కాగితం తీసి, రెండుసార్లు చిత్తు రాసుకుని మరీ రాసింది. చేతికిస్తే చదివాను. "కిరణ్ కుమార్, నేను దేవదానం అని పిలుచుకునే కుర్రాడు, మూడేళ్లుగా నా ఇంట్లో ఉంటున్నాడు" అని ఉంది. ఫారమ్‌లో ఇంకో పేరు లేదని నేను పెట్టిన నో, ఈ కాగితంలో ఉన్న ఈ మాట, ఏ ఆఫీసర్ కంటనో పడితే? అబద్ధం చెప్పానని వెనక్కి పంపేస్తే? కూర్చుని అంతా విడమరిచి చెప్పడానికి అదే సమయం. ఆవిడ అర్థం చేసుకునేది. డోనా అన్న పిలుపుకి ముప్పై ఏళ్లు పలికిన మనిషికి నేను కొత్తగా చెప్పేదేముంది? కానీ భయం నాచేత ఇంకోలా మాట్లాడించింది. "ఈ మాట తీసేసి మళ్లీ రాయండి ప్లీజ్. ఇంకెప్పుడూ నన్ను అలా పిలవకండి. కాగితం మీదా వద్దు, నోటితోనూ వద్దు. నేను అది కాదు" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆవిడ ఆ కాగితాన్ని మడిచి గౌను జేబులో పెట్టుకుంది. "నిజమే. నీకు అమ్మ ఉంది. నాకు తెలుసు" అంది.

ఆవిడ విన్నది నా పేరు గురించి కాదు. నేను నీ కొడుకుని కాను అని విన్నది. పిల్లల్లేని ఆ మనిషికి నా నోటితో నేనే ఒక కొడుకునిచ్చి, నా చేతులతో నేనే లాక్కున్నాను. అప్పుడైనా కాళ్ల మీద పడి చెప్పొచ్చు, ఆంటీ అది కొడుకు కాదు, అది నా పేరు, అది మీ పేరే అని. చెప్పలేదు. ఆవిడ అరగంటలో కొత్త ఉత్తరం రాసిచ్చింది. కిరణ్ కుమార్ అని స్పష్టంగా, తప్పు లేకుండా ఉంది. మర్నాడు పొద్దున, "గుడ్ మార్నింగ్, కిరణ్" అంది. గసగసాల మర తనే తిప్పుకుంటోంది. రెండు నెలలకి నేను ఇల్లు ఖాళీ చేసి ఇటు వచ్చేశాను. గుమ్మం దాకా వచ్చి, రొట్టె పొట్లం చేతిలో పెట్టి, భుజం తట్టింది. పీఆర్ వచ్చిందని ఫోన్ చేస్తే సంతోషించింది. రెండు క్రిస్‌మస్‌లకి కార్డులు పంపాను. మూడో ఏడు పంపలేదు. ఇక్కడి నుంచి సార్నియా కారులో పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసేంత దూరమే. వెళ్లాలని ప్రతి జనవరిలో అనుకునేవాణ్ని. వెళ్తే చెప్పాలి. చెప్పాల్సి వస్తుందనే వెళ్లలేదు.

ఇప్పుడు నా బతుకు బాగుంది. కార్లు తయారయ్యే ప్లాంట్ పక్క నుంచి రోజూ టొరంటోకి ట్రైన్‌లో వెళ్తాను, వస్తాను. ఆఫీసులో కిరణ్, కాఫీ కొట్టులో గ్లాసు మీద కెరన్, పిల్లల బర్త్‌డే పార్టీల్లో హానా వాళ్ల డాడీ. అమ్మ తప్ప ఎవరూ దేవదానం అనరు, అమ్మ గొంతు కూడా ఈ మధ్య సన్నబడింది. అప్పుడు ముగ్గురికీ కలిపి ఒక బాత్రూమ్, ఒక కారు, ఒక మంచి కూరగిన్నె. ఇప్పుడు అన్నీ రెండేసి ఉన్నాయి. కానీ పొద్దున్నే లేచి వంటింట్లోకి వెళ్లగానే ఆ పిలుపు వినిపించే ఇల్లు ఇంకోటి దొరకలేదు. ఆ మధ్య ఎక్కడో చదివాను, వాళ్ల డాన్, మన దానం వేల ఏళ్ల కిందట ఒకే మాటట. వాళ్ల బొహ్‌కి కూడా మన వైపు చుట్టరికం ఉందంటారు. చదివి పుస్తకం మూసేశాను. అది ముందుగా చెప్పాల్సిన మనిషి సార్నియాలో ఉందని తెలిసి కూడా ఫోన్ ఎత్తలేదు.

హానా పడుకునే లోపల చూద్దామని ఆ సాయంత్రం క్యాలెండర్లన్నీ మళ్లీ తెరిచాను. మొదటి దాంట్లో సెప్టెంబర్ గడిలో కిరణ్ అన్న పేరు ఒక్క గీతతో కొట్టేసి ఉంది. పైన దేవదానం అని రాసింది. రెండో దాంట్లో దేవదానం. మూడో దాంట్లో ముందే రాసి ఉంటుంది, ఉత్తరం గొడవ జరిగింది ఆ ఏడే. ఇంకెప్పుడూ పిలవొద్దు, కాగితం మీద కూడా రాయొద్దు అని నేను అరిచింది ఆ ఏడు. నాలుగో దాన్ని తెరిచాను. దేవదానం. ఐదు, ఆరు, ఏడు, అన్నింట్లోనూ. చివరి దాంట్లో అక్షరాలు వంకర పోయాయి, గడి దాటి పక్క రోజులోకి వెళ్లిపోయాయి, కానీ ఒక్క అక్షరం తప్పు లేదు. ఏటా కొత్త క్యాలెండర్ రాగానే మొదట ఆ గడే నింపి ఉంటుంది. నేను ఒప్పుకోకపోయినా ఆవిడ తన కొడుక్కి రోజు కేటాయిస్తూనే వచ్చింది. జనవరిలో ఆవిడ పేరు రోజు మాత్రం తొమ్మిది క్యాలెండర్లలోనూ అచ్చు అక్షరాలతో అలానే ఉంది. పక్కన ఎవరి గీతా లేదు. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క రోజైనా వెళ్లి గుమ్మంలో నిలబడి బొహ్దానా అనుంటే సరిపోయేది. ఆవిడ అడిగింది అంతే. ఇది రాస్తున్నప్పుడు కూడా గారు తగిలించకుండా రాయలేకపోతున్నాను, చూడండి.

బట్టలు మార్చుకుని వచ్చిన హానా నా మొహం చూసి, "ఆర్ యూ క్రయింగ్, డాడీ?" అంది. అవునన్నాను. ఒళ్లో కూర్చుని ఆ నీలం అక్షరాల మీద వేలు పెట్టి, పొద్దున అడిగిందే మళ్లీ అడిగింది. "హూ ఈజ్ దట్?"

"నేనే. అది నా పేరు. దేవదానం" అన్నాను. ఈ దేశంలో ఆ మాట నా నోటితో నేను పలకడం అదే మొదలు.

హానా నా వంక వింతగా చూసింది. "దెన్ హూ ఈజ్ కిరణ్?" అంది.

ఆ సంగతి చెప్పడానికి మొదటి క్యాలెండర్ దగ్గరికి లాక్కుని, ఆవిడ ఒక్క గీతతో కొట్టేసిన పేరు ఉన్న పేజీ తెరిచాను.